ఏడో నంబరు కంట్లో చుక్క

మీరేం పని చేసేవారని భిలాయి నెహ్రూ నగర్‌లో మా ఇరుగుపొరుగు అడిగితే, కుందేళ్ల కళ్లలో చుక్కల మందు వేసేదాన్నని చెబుతాను. వాళ్లు మర్యాదకి నవ్వి, "అది సరే, ఉద్యోగం ఏమిటి?" అని మళ్లీ అడుగుతారు. ఉద్యోగం అదే. రిటైరయ్యేదాకా అదే చేశాను.

ఈమధ్య దీపిక ఫోన్ చేసింది. ఒకప్పుడు మా దగ్గర థీసిస్ చేసిన పిల్ల, ఇప్పుడు తనే పాఠాలు చెబుతోంది. "దీదీ, మా యానిమల్ హౌస్‌లోకి కొత్తగా అమ్మాయిలు వచ్చారు. మందు వేయడం నేర్పగలను గాని, మిగతాది మీరే చెప్పాలి. రాసి పంపండి, ప్లీజ్" అంది. మిగతాది అంటే ఏమిటో తనకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వచ్చింది ఒక్కటే, అది కూడా నా పేరే ఉన్న ఇంకో సువార్తకి రావలసింది పొరపాటున నాకు వచ్చిందని ఆఫీసులో అనుకునేవారు.

పని అంటే ఇది

కంటి లోపల చూడాలంటే కంటిపాప తెరుచుకోవాలి. వెలుతురు పడగానే అది ముడుచుకుపోతుంది. అందుకని పాపని పెద్దది చేసే చుక్కలు వేస్తారు. కంటాసుపత్రిలో మీకూ వేసే ఉంటారు. బయటికొచ్చాక ఎండలో కళ్లు తెరవలేక, చేతిలో చీటీ మీద అక్షరాలు ఆనక అవస్థ పడే ఉంటారు.

ఈ చుక్కల్లో మాకు ముఖ్యమైనవి రెండు. ట్రోపికమైడ్ తొందర మనిషి. ఇరవై నిమిషాల్లో పాపని తెరుస్తుంది, సాయంత్రానికి వెళ్లిపోతుంది. అట్రోపిన్ నిదానస్తుడు. మెల్లిగా వస్తాడు, వచ్చాక కదలడు. మనిషి కంట్లో అయితే వారం, పది రోజులు కూర్చుంటాడు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందుముందు మా సారుకి దీనితో పని పడుతుంది.

కుందేలుని తువ్వాల్లో చుట్టి మోచేతి మడతలో తల పెట్టుకోవాలి. కింది రెప్ప కాస్త లాగితే చిన్న సంచిలా అవుతుంది. అందులో ఒక్క చుక్క వేసి, ముక్కు వైపు మూలని వేలితో ఒక నిమిషం నొక్కి ఉంచాలి. లేకపోతే మందు ముక్కులోంచి గొంతులోకి దిగి ఒళ్లంతా పాకుతుంది. కుడి కంట్లో మందు, ఎడమ కంట్లో పోలికకి ఉప్పునీళ్లు. రిజిస్టర్లో టైము, వేసినవారి సంతకం. ఆ తర్వాత గదిలో వెలుతురు తగ్గించి కూర్చోవాలి. పరిశోధన అంటే మైక్రోస్కోపు అనుకుని వస్తారు పిల్లలు. పరిశోధన అంటే కూర్చోవడం. కూర్చోలేనివాళ్లు వేరే పని చూసుకోవడం మంచిది.

గీత ఒకటే

మా ల్యాబ్ ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీది. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల పేట చివర, అంతకు ముందు బోల్టులు తయారుచేసిన షెడ్డుని గదులుగా చేసి ఇచ్చారు. రెండు వైపులా ఇంకా వర్క్‌షాపులే. ఇనుము మీద సుత్తి పడ్డప్పుడల్లా కుందేళ్లు ఒక్కసారిగా లేచి నిలబడేవి. నెల తిరిగేసరికి అవి అలవాటు పడ్డాయి. మా సారే అలవాటు పడలేదు.

సారు అంటే డాక్టర్ దయానందం గారు. విజయనగరం వైపు మనిషి. మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. నేను అదే సంఘంలో క్వయర్‌లో పాడేదాన్ని కాబట్టి ఆదివారం కూడా ఆయన చూపు తప్పేది కాదు. మంచివాడు, చదువుకున్నవాడు. కాని లోకంలో ప్రతివాడూ పని ఎగ్గొట్టడానికే పుట్టాడని ఆయన నమ్మకం. రోజుకి పదిసార్లు "వేసేవా?" అని అడిగేవారు. వేశాను సార్ అని చెప్పినా గదిలోకి తొంగిచూసి మళ్లీ "వేసేవా?" అనేవారు. నాకు ఒళ్లు మండేది. చిరునవ్వుతోనే మండేది, కింద ఉద్యోగం కదా.

కొత్త రాష్ట్రం వచ్చింది గాని మాకు కొత్త రిజిస్టర్లు రాలేదు. అటక మీద కట్టలకొద్దీ పాతవి, అన్నిటి అట్టల మీదా మధ్యప్రదేశ్ అని అచ్చు. ఆ మాటని కొట్టేసి పైన ఛత్తీస్‌గఢ్ అని రాయడం నా మొదటి నెలల పరిశోధన. తెల్లరంగు పూసి చక్కగా రాద్దామనుకున్నాను. సారు ఒప్పుకోలేదు.

"పుయ్యకూడదు, గీకకూడదు. ఒకటే గీత. కింద మాట చదవడానికి రావాలి."

"అందం పోద్ది కదా సార్."

"అందానికేటి తొందర? ముందు ఏటుండేదో తెలవాలి, తర్వాత ఏటైందో తెలవాలి. అదే రిజిస్టరు."

విసుక్కుంటూనే గీతలు గీశాను. అన్ని అట్టలూ అయ్యేసరికి చెయ్యి వాచింది.

ఎర్ర ట్యాగు

పాప తెరుచుకుని ఉన్న కుందేలు మీద లైటు పడితే దానికి చాలా కష్టం. మా చీకటి గదిలో ఎవరో ఒకరు టక్కున స్విచ్ వేసేవారు. చీటీ అంటించాను, ఎవరూ చదవలేదు. గట్టిగా చెప్పాను, విన్నవాళ్లే మళ్లీ వేశారు.

మా ఆయన ఇస్సాకు స్టీలు ప్లాంటులో క్రేను ఆపరేటరు. ఇంట్లో ఈ సంగతి చెబితే, మర్నాడు అక్కడ వాడేసి పక్కన పడేసిన రేకు ట్యాగు ఒకటి తెచ్చాడు. ఎర్ర రంగు, దాని మీద హిందీలో, స్విచ్ వేయకండి, ఆద్మీ కామ్ పర్ హై, అంటే మనిషి పనిలో ఉన్నాడు అని. ప్లాంటులో మరమ్మతు జరిగేటప్పుడు స్విచ్‌కి దీన్ని తగిలిస్తారు.

"దీన్ని చూస్తే భిలాయిలో ఎవడూ చెయ్యి పెట్టడు. రూలు ఒకటుంది మరి. ఎవరు తగిలించేరో వాళ్లే తియ్యాలి. పెద్ద ఇంజనీరు వచ్చినా తియ్యకూడదు" అన్నాడు.

నిజంగానే ఆ రోజు నుంచి ఒక్కడూ స్విచ్ ముట్టుకోలేదు. ప్యూను దగ్గర్నుంచి కరెంటు రిపేరు వాళ్లదాకా ఆ ట్యాగు ముందు ఆగి వెనక్కి తిరిగేవారు. సారు ఒక్కరే అభ్యంతరం చెప్పారు.

"లోపలున్నవి కుందేళ్లు కదా. ఆద్మీ అని రాస్తే అబద్ధం అవదేటి?"

"నేనూ లోపలే ఉంటాను సార్."

ఆయన ఆలోచించి ఒప్పుకున్నారు. అబద్ధం కాదని తేలితే ఆయనకి దేనితోనూ పేచీ లేదు.

ముందు ట్రే చూడండి

ఇది చిన్న సంగతి, కాని అమ్మాయిలూ, ఇది మర్చిపోవద్దు. తెల్ల కుందేళ్ల కళ్లలో రంగు ఉండదు, మందు వెంటనే పనిచేస్తుంది. గోధుమ రంగు వాటి కంట్లో ఉన్న రంగు మందుని పట్టుకుని కూర్చుంటుంది, ఆలస్యంగా వదులుతుంది. మొదటి ఏడాది సారు ఆగలేక ఒక గోధుమ రంగు కుందేలుకి చుక్క మీద చుక్క వేయించారు. పాప తెరుచుకుంది, పొట్ట ఆగిపోయింది. అట్రోపిన్ ఒంట్లోకి వెళితే కుందేలు పేగులు కదలవు. తిండి మానేసింది, ట్రేలో పెంటికలు లేవు.

రెండు రోజులు దాని పక్కన కొత్తిమీర కట్టతో కూర్చున్నాను. పొట్ట నిమిరాను. మూడో రోజు ట్రేలో ఒక్క పెంటిక కనిపిస్తే సారుని కేకేసి పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, దాన్ని బంగారం చూసినట్టు చూసి, "ప్రైజ్ ద లార్డ్" అన్నారు. ఆ తర్వాత మా ల్యాబ్‌లో పొద్దున్నే కన్ను చూసేముందు ట్రే చూడడం రూలయింది. తొందరపడింది తనేనని ఆయన సంఘంలో కూడా ఒప్పుకున్నారు, ఎవరూ అడక్కపోయినా. కాని తొందర మాత్రం తగ్గలేదు.

కేకు వంతు

ఇప్పుడు నా సంగతి.

దీపిక థీసిస్ ఏమిటంటే, అట్రోపిన్‌ని మామూలు చుక్కలా కాకుండా జిగురు మందులా చేస్తే ఎంతసేపు పనిచేస్తుందో చూడడం. దానికి ముందు మామూలు చుక్క ఎంత పనిచేస్తుందో తెలియాలి. పన్నెండు కుందేళ్లు, ఒక్కోదానికీ నంబరు రాసిన విడి బాటిల్. మందు వేయడం నేను, తర్వాత పాపకి ఎదురుగా స్కేలు పట్టి కొలిచి రాయడం దీపిక. దీపిక వాళ్ల నాన్న రైల్వే గార్డు. ఇంట్లో తెలుగే గాని, కంగారు పడితే హిందీ వచ్చేసేది.

పన్నెండింటిలో ఏడో నంబరు ఒక బూడిదరంగు మగ కుందేలు. పని చేయకుండా అందర్నీ చూస్తూ కూర్చునే తీరు వల్ల దాన్ని ఫోర్‌మన్ అనేవాళ్లం. వెనక కాళ్లతో తన్నేవాడు. అందుకని ఎప్పుడూ ఆఖర్నే పట్టుకునేదాన్ని.

డిసెంబరులో మా వాళ్లందరూ క్రిస్మస్ కేకులు బేకరీలో కాల్పించుకుంటారు. మైదా, గుడ్లు, వెన్న అన్నీ ఇంట్లోంచే తీసుకెళ్లి, పేరు చీటీ అంటించిన రేకు డబ్బాలతో వరసలో నిలబడాలి. వంతు తప్పిందా, మళ్లీ వంతు క్రీస్తు పుట్టాక కూడా రాదు. డబ్బాల దగ్గర మనిషి లేకపోతే మన కేకు ఇంకొకరింటికి పోతుంది. ఆ ఏడాది క్యారల్స్ బృందానికి కేకు చేసే పని నా మీద పడింది. నా వంతు నాలుగు గంటలకి, సెక్టార్ మార్కెట్లో.

మూడూ నలభైకి పదకొండు అయ్యాయి. ఫోర్‌మన్ మిగిలాడు. తువ్వాలు చుట్టబోతే తన్నాడు. రెండోసారి తన్నాడు. నేను గడియారం చూశాను. రిజిస్టర్లో ఏడో నంబరు ఎదురుగా 3:40 అని రాసి, సంతకం పెట్టి, సైకిలెక్కాను.

చుక్క వేయలేదు. రేపు పొద్దున్నే దీపికకి చెప్పేద్దామనుకున్నాను. పొద్దున్న వెళ్లేసరికి ఆ పిల్ల కొలిచేసింది, ఏడో నంబరు దగ్గర మార్పు లేదు అని పెన్నుతో రాసేసింది. సారు చూసి, "తర్వాత మళ్లీ చూద్దాం" అన్నారు, అంతే. ఎవరూ నన్ను అడగలేదు. అడిగితే చెప్పేదాన్నని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే అయ్యుంటుంది.

కేకు మాత్రం చాలా బాగా వచ్చింది. సారింటికి కూడా పంపాను.

వేసేవా?

కళ్లలో మందు పూర్తిగా పోయేదాకా వారాల తరబడి ఆగి మళ్లీ పరీక్ష మొదలుపెట్టాలి. మధ్యలో దీపిక వాళ్లింట్లో పెళ్లి, ఆ తర్వాత కాలేజీలో ఇన్‌స్పెక్షన్. ఆఖరికి రెండోసారి పరీక్ష శ్రమల కాలం చివరి వారంలో పడింది, గుడ్ ఫ్రైడే ముందు సోమవారం. ఈసారి ఫోర్‌మన్‌ని మొదటే పట్టుకున్నాను. తువ్వాలు రెండు చుట్లు చుట్టి, చుక్క సరిగ్గా వేసి, మూల నిమిషం కాదు, రెండు నిమిషాలు నొక్కాను. డిసెంబరు బాకీ తీర్చినట్టు నొక్కాను.

గంట గడిచినా పాప కదల్లేదు. మిగతా పదకొండూ తెరుచుకున్నాయి. ఫోర్‌మన్ పాప పొద్దున ఎంతో, అప్పుడూ అంతే.

సారు నన్ను పిలిచారు. గదిలో దీపిక కూడా ఉంది.

"ఏటమ్మా సువార్తా, వేసేవా లేదా?"

"వేసేను సార్."

"వేస్తే పాప ఎందుకు కదల్లేదు?"

"అది ఏడో నంబర్ని అడగాలి సార్."

"నేను నిన్నడుగుతున్నాను. తన్నుతాడని ఒగ్గేసుంటావు. ఒగ్గేసి టైము రాసేసుంటావు."

ఆయన డిసెంబరులో నేను చేసింది చేసినట్టు చెబుతున్నారు, కాని నెలలు తప్పి చెబుతున్నారు.

"దేవుడి సాక్షిగా చెప్తన్నాను సార్, ఈ రోజు నా చేత్తో వేసేను."

"అయితే ఆ ఏడో నంబరు బాటిల్లో నీళ్లున్నాయా?"

ఆయన ఒక కాగితం జరిపారు. మందు వేయకుండా వేసినట్టు రాశానని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెడితే ఈసారికి క్షమిస్తారు. పెట్టకపోతే యానిమల్ హౌస్ తాళాలు ఇచ్చేసి, సీసాలు కడిగే విభాగానికి పోవాలి. మర్నాటిదాకా గడువు.

ఇంటికొచ్చి ఇస్సాకుకి చెప్పాను, డిసెంబరు సంగతి తప్ప. "వెయ్యకపోతే కదా సంతకం? నువ్వు వేసేవు కదా, మరేటి భయం?" అన్నాడు. ఆయన లాంటి క్రేను మనుషులకి లోకం అంతా ఎత్తడం, దించడమే.

సారు కళ్లు

మర్నాడు దీపిక నాకంటే ముందొచ్చింది. "దీదీ, సచ్ చెప్పండి, నిన్న మీరు వేసేరా?"

"వేసేను."

"బస్. అయితే తప్పు ఫోర్‌మన్‌ది." దీపిక ఫోర్‌మన్ ఎడమ కంట్లో ట్రోపికమైడ్ వేసింది. ఇరవై నిమిషాల్లో పాప గుండ్రంగా, నిండుగా తెరుచుకుంది. సారుని పిలిచి చూపించింది. "సర్, కన్ను బాగానే ఉంది. తెరుచుకుంటోంది."

"అంటే బాటిల్లో అట్రోపిన్ లేదు" అన్నారు సారు. నీళ్లని తేల్చడానికి ఆయనకి ఒకటే దారి కనిపించింది. కళ్లజోడు తీసి, తల వెనక్కి వాల్చి, కుడి కంట్లో ఒక చుక్క వేసుకున్నారు. మూల నొక్కండి సార్ అని నేనంటే, "నాకు చెప్తావేటి" అన్నారు.

పది నిమిషాలు ఆగారు. అద్దంలో చూసుకున్నారు. "చూసేవా, ఏటీ అవ్వలేదు. నీళ్లే."

"అది అట్రోపిన్ సార్. టైము పడుతుంది."

"నీళ్లకి టైమేటి?" అని ఎడమ కంట్లో కూడా వేసుకున్నారు. గోధుమ రంగు కుందేలు విషయంలో ఏం నేర్చుకున్నారో ఏమో.

గంట తర్వాత ఆయన గదిలోంచి, "సువార్తా, లైటు ఎవరు వేసేరు?" అని కేక వినిపించింది. ఎవరూ వేయలేదు. కిటికీ తెరిచి ఉంది, అంతే. వెళ్లి చూస్తే రెండు కళ్లూ మూసుకుని, చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. దీపిక కిటికీ మూసింది. నేను వెళ్లి ఎర్ర ట్యాగు తెచ్చి ఆయన గది స్విచ్‌కి తగిలించాను. లోపల ఉన్నది ఆద్మీయే కాబట్టి ఆయన అభ్యంతరం చెప్పలేదు.

బుధవారం నల్లకళ్లజోడుతో వచ్చారు. బాటిల్లో నీళ్లు లేవని ఇక ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫోర్‌మన్ ఎడమ కంట్లో ట్రోపికమైడ్ పని తీరిపోయిందని దీపిక చూసి చెప్పాక, వాడిని నేను పట్టుకుంటే తన చేత్తో ఆ కంట్లోనే అట్రోపిన్ వేశారు. నాలుగు తన్నులు తిన్నారు. పాప కదల్లేదు. అప్పుడు విశాఖపట్నంలో తనకి చదువు చెప్పిన మాస్టారికి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టారు, నంబరు కనపడక దీపికే నొక్కింది.

పెద్దాయన నవ్వడం మా అందరికీ వినిపించింది. కొన్ని కుందేళ్ల ఒంట్లో పుట్టుకతోనే అట్రోపిన్‌ని విరిచేసే పదార్థం ఉంటుందట. ఆ మందు పుట్టే విషపు మొక్కని తిని కూడా అవి హాయిగా తిరుగుతాయట. "ఈ పాఠం నీకు నేనే చెప్పేను దయానందం. ఆవేళ కూడా నువ్వు తొందరలో ఉన్నావు" అన్నారు.

ఐదో మాట

గుడ్ ఫ్రైడే నాడు మా సంఘంలో సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఎవరికి ఏ మాటో నెల ముందే పంచుతారు. ఆ ఏడాది సారుకి ఐదోది, దాహం గురించిన మాట.

నల్లకళ్లజోడుతో బల్ల దగ్గరికి వచ్చారు. రాసుకొచ్చిన కాగితాలు దగ్గర పెట్టి చూశారు, చెయ్యి చాచి దూరం పెట్టి చూశారు. అక్షరాలు ఎక్కడా దొరకలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నారు. పొద్దున్న మళ్లీ అనుమానం వచ్చి ఇంకో చుక్క వేసుకున్నారేమో నాకు తెలియదు. అట్రోపిన్ ఒంట్లోకి దిగితే నోరు ఎండుతుంది, ఆయన నోరు ఎండిపోయి ఉంది. మొదటి వాక్యం మధ్యలో ఆగి నీళ్లడిగారు. రెండో వాక్యానికి ఇంకో గ్లాసు. నాలుక అంగిలికి అంటుకుపోతుంటే ఒక్కో మాటా కూడబలుక్కుని, చిన్నప్పుడు ఎండలో నడిచి నూతి దగ్గరికి వెళ్లిన రోజు గురించి చెప్పారు. ముందు వరసలో పెద్దమ్మలు ముక్కు చీదుకున్నారు. అంత చిన్న ప్రసంగం ఆయన ఎన్నడూ చేయలేదు, అంత మంచిది కూడా.

ఆఖర్న ఎవరూ ఊహించని పని చేశారు. "ఈ వారంలో ఒక సోదరి మాట నేను నమ్మలేదు. ఆమె నిజం చెప్పింది. అందరి ముందూ క్షమాపణ అడుగుతున్నాను" అన్నారు. నా పేరు చెప్పలేదు గాని, నల్లకళ్లజోడు క్వయర్ వైపు తిరిగింది. అందరూ నన్ను చూశారు. పక్కనున్నావిడ నా చెయ్యి నొక్కింది. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పినదాన్ని కాబట్టి వచ్చిందని అనుకున్నారు. నాకు సిగ్గేసి వచ్చింది.

పట్టిక

సోమవారం సారు హుషారుగా ఉన్నారు, ఇంకా నల్లకళ్లజోడే. ఫోర్‌మన్ గురించి దీపిక థీసిస్‌లో ఒక ప్రత్యేక భాగం చేర్చాలని నిర్ణయించారు. "ఒకసారైతే పొరపాటంటారు, రెండుసార్లైతే అనుమానిస్తారు. మనకి మూడుసార్లు ఉంది. డిసెంబరు, నువ్వు వేసింది, నేను వేసింది. మూడు" అన్నారు. "సువార్తా, నాకు అక్షరాలు ఆనట్లేదు. రిజిస్టరు తీసి ఏడో నంబరు వరస పైకి చదువు, దీపిక రాసుకుంటుంది."

రిజిస్టరు తెరిచాను. మధ్యప్రదేశ్ మీద నా గీత, పైన నా అక్షరాలతో ఛత్తీస్‌గఢ్. డిసెంబరు పేజీ తీశాను. ఇది చెబితే పోయేది నా ఉద్యోగం ఒక్కటే కాదు. డిసెంబరు పేజీ మొత్తం నా సంతకాల మీదే ఉంది. ఒకటి అబద్ధమైతే మిగతావి ఎవరు నమ్ముతారు? దీపిక ఏడాది పని ఆ పేజీ మీద నిలబడి ఉంది. ఆ పిల్ల పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది.

"ఏడో నంబరు. కుడి కన్ను. అట్రోపిన్, ఒక చుక్క. టైము..." అన్నాను. 3:40 అని నా సొంత రాత, దాని మీద వేలు పెట్టి ఆగాను.

"టైము?" అన్నారు సారు.

"వెయ్యలేదు సార్."

"ఏటి?"

"డిసెంబరులో వెయ్యలేదు. రాసేసి వెళ్లిపోయేను."

దీపిక పెన్ను కింద పెట్టింది. సారు కళ్లజోడు తీశారు. ఆ పెద్ద నల్లటి పాపలతో నన్ను చూడ్డానికి ప్రయత్నించి, మళ్లీ పెట్టుకున్నారు.

"మరి పోయిన సోమవారం దేవుడి సాక్షి అన్నావు?"

"సోమవారం వేసేను కాబట్టి అన్నాను సార్. డిసెంబరు గురించి మీరు అడగలేదు."

"ఎందుకు వెయ్యలేదు?"

"బేకరీలో వంతు సార్. కేకు."

ఆయన అడిగారు. "మా ఇంటికి పంపేవు, ఆ కేకేనా?"

"అదే సార్."

"రెండు ముక్కలు తిన్నాను" అన్నారు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. తర్వాత, "మిగతా పదకొండు?"

"అవన్నీ వేసేను."

దీపిక అందుకుంది. "సర్, వాటి పాపలు తెరుచుకున్నాయి కదా. వెయ్యకపోతే ఎలా తెరుచుకుంటాయి? సిర్ఫ్ ఏడో నంబరు ఒక్కటే కొట్టేస్తే చాలు." పెన్ను తీసి రిజిస్టరు తన వైపు లాక్కోబోయింది.

సారు చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వు కాదు. ఎవరు రాసేరో వాళ్లే."

నేను ఒకటే గీత గీశాను. కింద మాట చదవడానికి వచ్చేలా గీశాను. పక్కన, మందు వేయలేదు అని రాసి, కారణం ఏం రాయమంటారని అడిగాను. "ఏది నిజమో అది" అన్నారు. బేకరీకి వెళ్లాను అని రాసి సంతకం పెట్టాను. ఆయన నన్ను అది పైకి చదవమన్నారు. చదివాను. "ఇప్పుడు నేను సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు" అన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని ఆ గీత పక్కన పెట్టాను. సంతకం సగం నా సంతకం మీదకి ఎక్కింది.

తాళాలు అడిగారు. ఇచ్చేశాను. ఒక నెల సీసాలు కడిగాను, ఆ ఎండల్లో. నెల తిరిగిన రోజున తాళాల గుత్తి తెచ్చి సీసాల పక్కన పెట్టి వెళ్లిపోయారు. ఫోర్‌మన్ థీసిస్‌లో రెండు వరసలతోనే చేరాడు. అట్రోపిన్ పనిచేయని కుందేలు ఇక దేనికీ పనికిరాడని తీర్మానించి, యానిమల్ హౌస్ మూలలో ఉంచేశారు. చివరిదాకా కొత్తిమీర తింటూ అందర్నీ చూస్తూ కూర్చున్నాడు. మా అందరిలోకీ ముందు రిటైరైంది ఫోర్‌మన్ గారే. దీపిక పరీక్షకి వచ్చిన పెద్దమనిషి పేజీలు తిప్పి తిప్పి ఆ గీత దగ్గర ఆగి, కేకు ఎలా ఉందని మాత్రం అడిగాడట. బాగుందని సారు జవాబు చెప్పారట.

నేను రిటైరైన రోజున స్విచ్ దగ్గర ఎర్ర ట్యాగుని నేనే తీసి ఇంటికి తెచ్చుకున్నాను. తగిలించింది నేనే కదా.

సారు తన పద్ధతి మార్చుకోలేదు. ఆ తర్వాత కూడా రోజుకి పదిసార్లు గదిలోకి తొంగిచూసి "వేసేవా?" అని అడిగేవారు. అంతకు ముందు ఆ మాటకి ఒళ్లు మండేది. ఆ నెల తర్వాత నుంచి మాత్రం, ఆయన అడగాలని ఎదురుచూసేదాన్ని. "వేసేను సార్" అని చెప్పడం నాకు ఇష్టంగా ఉండేది.